లేవబోయి పడిపోయే లాప్‌టాప్

సాహిత్య వ్యాసాల సంచికలో లాప్‌టాప్ మరమ్మతు గొడవేమిటి అని కొందరు నొసలు చిట్లించవచ్చు. ఆలోచిస్తే అంత అసందర్భమేమీ కాదు. మనలో కాగితం మీద కలంతో రాసేవాళ్ళు ఇప్పుడు తక్కువ. కథకి మొదటి ప్రతీ, దిద్దిన ప్రతీ, చివరి ప్రతీ అన్నీ ఒక్క పెట్టెలోనే ఉంటున్నాయి. ఆ పెట్టె ఒకనాటి పొద్దున్న మీట నొక్కగానే లేచినట్టే లేచి మళ్ళీ చతికిలబడితే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు? నన్నడిగితే ఈ రెండు ప్రశ్నల్లో రెండోదే ముఖ్యం. ఏం చెయ్యాలో తెలియకపోతే కాస్త ఆలస్యం అవుతుంది, అంతే. ఏం చెయ్యకూడదో తెలియకపోతే పోయింది మళ్ళీ రాదు.

నేను ఉద్యోగరీత్యా యాంగోన్‌లో ఉన్నప్పుడు 2024లో నా చేతికి వచ్చిన ఒక లాప్‌టాప్‌ని ఆధారం చేసుకుని ఈ సంగతులు చెబుతాను. కంప్యూటర్ శాస్త్రం చదవనివాళ్ళకి కూడా అర్థం కావాలని నా ప్రయత్నం. ఆ శాస్త్రం చదివినవాళ్ళు కొన్ని పేజీలు తిప్పేసినా నాకు అభ్యంతరం లేదు.

ఎవరిది, అందులో ఏముంది?

తెలుగువాళ్ళు బర్మా వెళ్ళడం నిన్నమొన్నటి సంగతి కాదు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీదుగానే అక్కడ మనవాళ్ళకి 'కోరంగీలు' అనే పేరు పడింది. పందొమ్మిదో శతాబ్దం చివరి రోజుల నుంచి కాకినాడ, విశాఖపట్నం, భీమిలి రేవుల్లో ఓడలెక్కి రంగూన్ చేరినవాళ్ళు అక్కడ బరువులు మోశారు, ధాన్యం మరల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో రేవు పని దగ్గర రాజుకున్న అల్లర్లలో ఎక్కువగా దెబ్బతిన్నది తెలుగు కూలీలు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు ఊరు విడిచారు. 1942లో చాలామంది అడవుల దారిన కాలినడకన బయలుదేరారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చింది, 1964లో దుకాణాలు జాతీయం అయ్యాయి, మళ్ళీ ఓడలు కదిలాయి. విశాఖపట్నంలో 'బర్మా క్యాంపు' అనే పేరు ఆ తిరుగు ప్రయాణాలు మిగిల్చిందే.

తిరిగి రానివాళ్ళు అక్కడే నిలబడిపోయారు. వాళ్ళ మనవలూ మునిమనవలూ బర్మీస్‌లో చదువుకుని, బర్మీస్ పేరుతో ఉద్యోగాలు చేసుకుంటూ, ఇంట్లో మాత్రం పెద్దవాళ్ళతో తెలుగు మాట్లాడతారు. కొన్నిచోట్ల గుడి ఆవరణలోనే పిల్లలకి తెలుగు అక్షరాలు దిద్దిస్తారు. అలాంటి ఒక బడి నడిపే పెద్దాయన తన లాప్‌టాప్‌ని గుడ్డసంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. రోగం ఏమిటని అడిగితే, "లెగుస్తంది బాబూ, ఎంటనే మల్లీ పడిపోతంది" అన్నారు. ఆయన ఎన్నడూ చూడని శ్రీకాకుళం ఆ మాటలో ఉంది. యంత్రం సంగతి కూడా ఆ ఒక్క వాక్యంలో చక్కగా ఉంది. లేవడం అంటూ ఉంది కాబట్టి కరెంటు అందుతోంది; పడిపోతోంది కాబట్టి ఆ తరవాతి మెట్లలో ఎక్కడో జారుతోంది.

"లోపల ఏమున్నాయి తాతగారూ?" అన్నది నా రెండో ప్రశ్న. పిల్లల కోసం ఆయన తయారుచేసిన పాఠాలు ఉన్నాయి. పాత కుటుంబాల కాగితాలకి తీసిన ఫోటోలు ఉన్నాయి. వీటికంటే విలువైనవి, యాంగోన్‌లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్న ముసలివాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించి రికార్డు చేసిన నలభై ఆరు సంభాషణలు ఉన్నాయి. ఆ మాట్లాడినవాళ్ళలో కొందరు అప్పటికే లేరు. ఇంకెక్కడైనా నకలు ఉందా అంటే లేదు.

మేలుకొలుపులో అయిదు మెట్లు

కంప్యూటర్ మొదలవడాన్ని 'బూట్ అవడం' అంటాం కదా, ఆ బూటు కాలి బూటే. బూటుకి వెనకవైపు ఉండే పట్టీలు తానే పట్టుకుని తన్ను తాను పైకి లేపుకోవడం అనే ఇంగ్లీషు వేళాకోళంలోంచి ఆ మాట పుట్టింది. మన తర్కశాస్త్రం దీన్నే స్వస్కంధారోహణం అంటుంది. ఎంత ఆరితేరిన గారడీవాడైనా తన భుజం మీదికి తాను ఎక్కలేడు అని. కంప్యూటర్‌కి ఉన్న చిక్కు అచ్చంగా ఇదే. ఏ ప్రోగ్రామునైనా డిస్క్ నుంచి తెచ్చి పని చేయించడానికి ఇంకొక ప్రోగ్రాము కావాలి. మరి మొట్టమొదటి దాన్ని ఎవరు తెస్తారు?

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం, ఒక చిన్న ప్రోగ్రాముని బోర్డు మీద ఒక చిప్పులో శాశ్వతంగా రాసి ఉంచడం. అది లేచి తనకంటే పెద్దదాన్ని లేపుతుంది, అది ఇంకా పెద్దదాన్ని లేపుతుంది. వాకిట్లో కాపలావాడు దివాణం గుమాస్తాని లేపితే, గుమాస్తా మంత్రిని లేపితే, మంత్రి రాజుగారిని లేపినట్టు. మనం చూసేది రాజుగారిని. నిద్ర లేవకపోతే నింద కూడా రాజుగారి మీదే వేస్తాం. తప్పు కాపలావాడిది కావచ్చు.

ఈ వరసని అయిదు మెట్లుగా చెప్పుకుందాం. మొదటిది కరెంటు: గోడలోని 230 వోల్టులని ఎడాప్టర్ సుమారు 19 వోల్టులకి దించుతుంది, లోపలి బోర్డు దాన్ని ఇంకా తగ్గించి ఒక్కొక్క భాగానికి కావలసినంత పంచుతుంది. రెండోది ఆ చిప్పులోని ప్రోగ్రాము. పాత యంత్రాల్లో దీన్ని బయోస్ అనేవారు, ఇప్పటివాటిలో యూఈఎఫ్ఐ అంటారు. జ్ఞాపకం (ర్యామ్), కీబోర్డు, తెర, డిస్క్ అన్నీ ఉన్నాయా అని హాజరు తీసుకునేది ఇదే. తెర మీద తయారీదారు గుర్తు కనిపించేది ఈ సమయంలోనే. మూడోది బూట్ లోడర్, అంటే డిస్క్ మీద విండోస్ ఎక్కడ ఉందో వెతికి దాన్ని జ్ఞాపకంలోకి తెచ్చేది. నాలుగోది కెర్నెల్, దానితోబాటు డ్రైవర్లు. చుక్కలు గుండ్రంగా తిరుగుతూ ఉన్నంతసేపూ జరిగేది ఈ పని. అయిదోది మనం పేరూ సంకేతపదం ఇచ్చాక మన సొంత ప్రోగ్రాములు లేవడం.

ఏ మెట్టు మీద పడిందో తెలిస్తే సగం రోగం తెలిసినట్టే. కానీ రోగం సంగతి చూసేముందు చెయ్యవలసిన పని ఒకటి ఉంది.

ముందు అక్షరాలు, తరవాతే యంత్రం

లాప్‌టాప్ లేవనప్పుడు మనం అందరం చేసే మొదటి పని, మళ్ళీ మీట నొక్కడం. ఇంకోసారి. ఇంకోసారి. డిస్క్ బాగున్నప్పుడు దీనివల్ల నష్టం లేదు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కి మాత్రం ప్రతి బూటూ ఒక పరుగుపందెమే. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్ళు చదువుతుంది, కొన్ని రాస్తుంది కూడా. ఆయాసపడుతున్న రోగిని మేడ ఎక్కించి దింపినట్టు అవుతుంది. అందుకని రెండుసార్లు ప్రయత్నించాక చెయ్యి వెనక్కి తీసుకోవాలి.

రెండో ప్రమాదం మరమ్మతు కొట్టులో ఉంటుంది. యాంగోన్ కావచ్చు, హైదరాబాదు కావచ్చు, కొట్టులో కుర్రవాడు ఇచ్చే మొదటి సలహా "ఫార్మాట్ చేసి విండోస్ మళ్ళీ వేసేద్దాం" అనే. అతని తప్పేమీ లేదు. యంత్రం నడిపించమని మనం అడిగాం, అది నడిచే దగ్గరిదారి అతను చెప్పాడు. మనం అడగవలసింది వేరు. "యంత్రం పోయినా పరవాలేదు, లోపల ఉన్న రాతలు కావాలి" అని సంచిలోంచి తీసే ముందే చెప్పాలి.

ఇక రాతలు బయటికి తీసే దారులు. విండోస్ లేవకపోయినంత మాత్రాన మన ఫైళ్ళు పోయినట్టు కాదు. ఇంటి యజమాని స్పృహ తప్పితే బీరువాలో నగలు ఎక్కడికీ పోవు. ఇంకొక కంప్యూటర్‌లో ఉబుంటు గానీ మింట్ గానీ లినక్స్‌ని ఒక పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించి, జబ్బుపడిన లాప్‌టాప్‌ని ఆ పెన్‌డ్రైవ్ నుంచి లేపవచ్చు. తయారీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ మీటల్లో ఏదో ఒకటి నొక్కితే ఎక్కడి నుంచి లేవాలని అడుగుతుంది. లోపలి డిస్క్ జోలికి పోకుండా లేచి, అందులోని ఫైళ్ళు చూపిస్తుంది; వాటిని బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోవచ్చు. రెండో దారి, డిస్క్‌నే ఊడదీసి చిన్న యూఎస్‌బీ డబ్బాలో పెట్టి ఇంకొక కంప్యూటర్‌కి తగిలించడం. పాత లాప్‌టాప్‌లలో ఇది రెండు మూడు మరల పని. కొన్ని కొత్త పల్చటి లాప్‌టాప్‌లలో నిల్వ చిప్పులని బోర్డుకే అతికించేస్తున్నారు, వాటిలో ఈ దారి మూసుకుపోయింది.

ఇక్కడ తాళాల సంగతి ఒకటి చెప్పాలి. ఇటీవలి విండోస్ యంత్రాల్లో చాలావాటికి డిస్క్ మొత్తాన్ని గుప్తలిపిలో దాచే బిట్‌లాకర్ తాళం, యజమానికి తెలియకుండానే, వేసి ఉంటుంది. దీనికి 48 అంకెల తాళంచెవి ఉంటుంది. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉంటుంది. డిస్క్ ఊడదీసినా, బయోస్ అమరికలు మార్చినా ఆ 48 అంకెలూ అడుగుతుంది. అవి లేకపోతే ఎంతటి నిపుణుడూ ఏమీ చెయ్యలేడు. యంత్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడే వాటిని కాగితం మీద రాసి పెట్టుకోండి.

డిస్క్ లోంచి టక్కు టక్కుమని చప్పుడు వస్తూ ఉంటే పైవి ఏవీ చెయ్యవద్దు. అప్పుడు లోపల చదివే ముల్లు దెబ్బతిని ఉంటుంది. మీట కట్టేసి, దుమ్ము లేని గదుల్లో డిస్క్‌లు విప్పే నిపుణుల దగ్గరికి పంపడం ఒక్కటే మార్గం. ఖర్చు గట్టిగానే ఉంటుంది. లోపల ఉన్నది అంత ఖర్చుకి తగినదా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఏ మెట్టు మీద పడింది?

అక్షరాలు క్షేమంగా బయటపడ్డాయి అనుకుందాం. ఇప్పుడు యంత్రం సంగతి.

మీట నొక్కితే దీపం కూడా వెలగకపోతే మొదటి మెట్టు. ఎడాప్టర్ తీసేసి, బ్యాటరీ ఊడేదైతే ఊడదీసి, మీటని అర నిమిషం నొక్కి పట్టుకోండి. బోర్డు మీద అక్కడక్కడా నిలిచిన విద్యుత్తు ఖాళీ అవుతుంది. తరవాత ఎడాప్టర్ ఒక్కటే పెట్టి చూడండి. ఇంత చిన్న పనితో లేచి కూర్చున్న యంత్రాలు ఎన్నో. అదే జాతి ఎడాప్టర్ ఇంకొకటి అరువు తెచ్చి చూడడం రెండో పని.

ఫ్యాను తిరుగుతుంది, దీపం వెలుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. అప్పుడు చీకట్లో టార్చిలైటు వేసి తెరని ఏటవాలుగా చూడండి. మసకగా బొమ్మ కనిపిస్తే యంత్రం లేచినట్టే, తెర వెనక దీపమే పోయింది. ఏమీ కనిపించకపోతే టీవీకి తగిలించి చూడండి. అప్పటికీ చీకటే అయితే అనుమానం ర్యామ్ మీదికి పోవాలి. ఈ దశలో చాలా యంత్రాలు 'బీప్' చప్పుళ్ళతోనో దీపం మిణుకులతోనో తమ బాధ చెప్పుకుంటాయి. ఎన్ని మిణుకులకి ఏ బాధ అన్నది తయారీదారు పుస్తకంలో ఉంటుంది. ర్యామ్ పట్టీని ఊడదీసి, దాని బంగారు రంగు అంచుని పెన్సిలు రబ్బరుతో మెల్లిగా తుడిచి మళ్ళీ బిగిస్తే, ఉక్క దేశాల్లో చాలాసార్లు అదే మందు.

తయారీదారు గుర్తు వచ్చి, "బూట్ చెయ్యదగిన డిస్క్ దొరకలేదు" అంటే మూడో మెట్టు. డిస్క్ పోయి ఉండవచ్చు. పోకపోయి కూడా ఉండవచ్చు. బోర్డు మీద గడియారాన్ని నడిపే రూపాయిబిళ్ళంత బ్యాటరీ అయిపోతే కొన్ని యంత్రాలు తేదీతోబాటు అమరికలన్నీ మరిచిపోతాయి, ఏ డిస్క్ నుంచి లేవాలో కూడా. తేదీ ఎన్నో ఏళ్ళ వెనక్కి పోయి కనిపిస్తే ముందు ఆ బిళ్ళ మార్చండి. అంగడిలో అతి చవకైన విడిభాగం అదే.

చుక్కలు తిరుగుతూ తిరుగుతూ నీలితెర వచ్చి, మనం చదివేలోపే యంత్రం మళ్ళీ మొదటికి వస్తే నాలుగో మెట్టు. అన్నిటికంటే ఎక్కువ కనిపించేది ఇదే. ఆ నీలితెర మీద అసలు కారణం పెద్ద అక్షరాల ఇంగ్లీషులో రాసి ఉంటుంది, కళ్ళు అందుకోలేవు. చేతిలో ఫోను ఉందిగా! వీడియో తీసి ఆ క్షణం దగ్గర ఆపి చదువుకోండి. 'మెమరీ మేనేజ్‌మెంట్' అని ఉంటే ముందు ర్యామ్‌ని అనుమానించాలి. 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అంటే డిస్క్‌నో, డిస్క్ డ్రైవర్‌నో, బయోస్‌లో మారిపోయిన డిస్క్ అమరికనో. 'అన్‌మౌంటబుల్ బూట్ వాల్యూమ్' అంటే డిస్క్ మీద ఫైళ్ళ పట్టిక చెదిరిందని.

వరసగా రెండు మూడుసార్లు లేవడం విఫలమైతే విండోస్ తనంతట తానే ఒక చికిత్స తెర చూపిస్తుంది. అందులోంచి స్టార్టప్ సెట్టింగ్స్‌కి వెళ్ళి 4 నొక్కితే సేఫ్ మోడ్. అందులో అత్యవసరమైన డ్రైవర్లు మాత్రమే లేస్తాయి. లాప్‌టాప్ సేఫ్ మోడ్‌లో లేచిందంటే సామాను చాలావరకు బాగున్నట్టే. ఈమధ్య వచ్చి చేరిన డ్రైవరో, నవీకరణో, వైరస్ కాపలాదారో దోషి. దాన్ని తీసెయ్యాలి, లేదా సిస్టమ్ రిస్టోర్‌తో వెనకటి తేదీకి వెళ్ళాలి. సేఫ్ మోడ్‌లో కూడా పడిపోతే సామాను మీదికి అనుమానం తిరుగుతుంది. చెక్‌డిస్క్ అనే దిద్దుబాటు పనిముట్టు గురించి ఒక హెచ్చరిక: అది డిస్క్ మీద రాస్తుంది. పట్టిక నిలబెట్టడమే దాని ధ్యేయం, మీ ఫైలు కాదు. రాతలు కాపీ అయ్యేదాకా దాన్ని పిలవకండి.

అయిదో మెట్టు మీద, అంటే లోపలికి వెళ్ళిన కాసేపటికి, పడిపోతే చెయ్యి వెనకాల పెట్టి చూడండి. కాలిపోతూ ఉంటే గాలి కంతల్లో దుమ్ము, ఎండిపోయిన ఫ్యాను. చల్లగా ఉంటే, లేవగానే మొదలయ్యే మన సొంత ప్రోగ్రాములని ఒక్కొక్కటే ఆపి చూడాలి.

యాంగోన్ కరెంటు

రోగాలు ఎక్కడైనా ఒకటే, కానీ ఊరిని బట్టి ఏది ముందు అనుమానించాలో మారుతుంది. యాంగోన్‌లో మొదటి ముద్దాయి కరెంటు. 2021 ఫిబ్రవరి సైనిక తిరుగుబాటు తరవాత విద్యుత్తు కొరత బాగా ముదిరింది. నేనున్న కాలంలో పేటలని గుంపులు చేసి గంటల లెక్కన వంతులు వేసి కరెంటు ఇచ్చేవారు. వంతు ఉన్నప్పుడు కూడా చెప్పకుండా పోయేది. దీపం పోవడాన్ని బర్మీస్‌లో 'మీ ప్యె' అంటారు. తిరిగి రాగానే మా వీధి పిల్లలు 'మీ లా బీ' అని ఒక్కసారి కేక పెట్టేవారు.

లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కదా, కరెంటు పోతే నష్టమేమిటి అనిపిస్తుంది. అసలు కిటుకు అక్కడే ఉంది. రోజుకి అన్నిసార్లు ఖాళీ అయి నిండే బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. ఆ వేడిలో మరీ త్వరగా. బ్యాటరీ చచ్చాక కూడా జనం ఎడాప్టర్ పెట్టుకుని లాప్‌టాప్‌ని వాడుతూనే ఉంటారు. అప్పటినుంచి అది లాప్‌టాప్ కాదు, బల్ల మీది కంప్యూటర్‌తో సమానం. కరెంటు పోయిన ప్రతిసారీ వాక్యం మధ్యలో మెడ నులిమినట్టు ఆగిపోతుంది. డిస్క్ మీద ఏదో రాస్తున్న క్షణంలో అలా జరిగితే సగం రాత మిగులుతుంది. విండోస్ ఫైళ్ళ పద్ధతి ఏం చెయ్యబోతున్నదో ముందే చిట్టా రాసుకుంటుంది కాబట్టి పట్టిక చాలాసార్లు నిలదొక్కుకుంటుంది. ఆ చిట్టా మన ఫైలు లోపలి రాతకి పూచీ పడదు. నవీకరణ జరుగుతున్నప్పుడు ఆగితే ఇంకా ప్రమాదం.

తిరిగి వచ్చే కరెంటు పోయే కరెంటు కంటే చెడ్డది. వోల్టేజి ఒక్కసారి ఎగిరి స్థిరపడడానికి కాస్త వ్యవధి పడుతుంది. యాంగోన్ ఇళ్ళల్లో స్టెబిలైజర్ కనిపించేది అందుకే. కరెంటు పోగానే ఎడాప్టర్ ఊడదీసి, వచ్చాక అయిదు నిమిషాలు ఆగి పెట్టడం ఖర్చులేని రక్షణ. దీనికి మే నెల చివర మొదలై అక్టోబరు దాకా సాగే వానలు తోడు. చల్లటి గదిలోంచి ఉక్కలోకి తెచ్చిన యంత్రాన్ని అరగంట ఊరికే ఉంచి గాని లేపకూడదు, లోపల చెమ్మ పట్టి ఉంటుంది.

ఒకేసారి ఎన్నో లేవని రోజు

ఇదంతా పాత యంత్రాల గోల అనుకునేవారికి ఒక తేదీ గుర్తుచేస్తాను. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన వినియోగదారులకి పంపిన ఒక చిన్న నవీకరణ ఫైలులో దోషం ఉంది. దాన్ని చదివే డ్రైవరు మన లెక్కలో నాలుగో మెట్టు మీద, కెర్నెల్‌తోబాటే లేస్తుంది. లేచింది, ఆ ఫైలు చూసింది, పడిపోయింది, యంత్రాన్ని పడగొట్టింది. మళ్ళీ లేచింది, మళ్ళీ అంతే. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు ఇలా అయ్యాయి. విమానాశ్రయాలు, ఆసుపత్రులు, బ్యాంకులు స్తంభించాయి. ఇండియాలో కొందరు ప్రయాణికులకి చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు.

దానికి మందేమిటి? సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఒక్క ఫైలు తుడిచి, మళ్ళీ లేపడం. అంతే. దోషపు ఫైలుని సంస్థ గంటన్నరలోపే వెనక్కి తీసుకుంది గాని, అప్పటికే పడిపోయిన యంత్రాల్లో చాలావాటి దగ్గరికి మనిషి స్వయంగా వెళ్ళవలసి వచ్చింది. లేవని యంత్రానికి దూరం నుంచి ఏమీ చెప్పలేం కదా. తాళం వేసి ఉన్నవాటికి పైన చెప్పిన 48 అంకెలు వెతకవలసి వచ్చింది. కోట్ల విలువైన వ్యవస్థలకీ గుడిబడి లాప్‌టాప్‌కీ వైద్యం ఒక్కటే.

ఆ లాప్‌టాప్ ఏమైంది

తాతగారి లాప్‌టాప్‌లో ఫోను వీడియో పట్టుకున్న మాట 'అన్‌మౌంటబుల్ బూట్ వాల్యూమ్'. బ్యాటరీ ఎప్పుడో పోయింది, ఆయన రెండేళ్ళుగా గోడకరెంటు మీదే నడుపుతున్నారు. లోపల తిరిగే పళ్ళాల డిస్క్. చప్పుడు లేదు, అది అదృష్టం. దాన్ని ఊడదీసి యూఎస్‌బీ డబ్బాలో పెట్టి, మంచి బ్యాటరీ ఉన్న నా లాప్‌టాప్‌కి తగిలించాను. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది, స్మార్ట్ అంటారు. చదవలేకపోతున్న గళ్ళు ఉన్నాయని ఆ చిట్టా చెప్పింది.

ఇలాంటి డిస్క్‌కి డీడీరెస్క్యూ అనే ఉచిత లినక్స్ పనిముట్టు ఉంది. దాని నడక నాకు ఇష్టం. సులువుగా చదవగలిగిన భాగాలన్నీ ముందు కాపీ చేసేస్తుంది, మొరాయించే గళ్ళ దగ్గర ఆగి పోట్లాడకుండా దాటిపోతుంది, అన్నీ అయ్యాక వెనక్కి వచ్చి వాటిని బతిమాలుతుంది. ఎంతవరకు వచ్చిందో ఒక పటం రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా మళ్ళీ అక్కడినుంచే ఎత్తుకుంటుంది. వంతుల కరెంటు ఊళ్ళో దీనికంటే ఏం కావాలి! నా బ్యాటరీ ఉన్నంతసేపు నడిపి, ఆపి, కరెంటు వచ్చాక మళ్ళీ నడిపి, మూడు రోజుల్లో డిస్క్ నకలు పూర్తిచేశాను. ఆ తరవాతి పని అంతా నకలు మీదే, అసలు డిస్క్‌ని మళ్ళీ ముట్టుకోలేదు.

నలభై ఆరు సంభాషణల్లో నలభై మూడు పూర్తిగా వచ్చాయి. రెండిట్లో మధ్యమధ్య మాట మింగినట్టు చిన్న ఖాళీలు ఉన్నాయి. అవి ఎంపీత్రీ ఫైళ్ళు కావడం మేలయింది; వాటిలో ధ్వని చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది కాబట్టి ఒక ముక్క చెడితే ఆ ముక్కే పోతుంది. ఒకటి మాత్రం అసలు రాలేదు. ఎవరిదని తాతగారు పేర్లన్నీ వరసగా చూసుకున్నారు. చనిపోయినవాళ్ళలో ఒకావిడది. ఆయన ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "ఆవిడ పాట ఒకటి నాకు సగం వచ్చు, అది ఇయ్యాల రాసీసుకుంటాను" అన్నారు.

పాఠాలతో ఇంకో చిక్కు వచ్చింది. వాటిలో సగం పాత అను ఫాంట్లతో టైపు చేసినవి. అటువంటి ఫాంట్లలో లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, పైకి మాత్రం తెలుగు ముఖం. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గీతలు కనిపిస్తాయి. ఫైళ్ళు భద్రంగా ఉండి కూడా పోయినట్టే. పాత డిస్క్ నకలులోని విండోస్ ఫాంట్ల సంచిని కూడా తీసి ఉంచాను కాబట్టి సరిపోయింది. బర్మావాళ్ళకి ఈ బాధ మనకంటే బాగా తెలుసు. ఏళ్ళ తరబడి జావ్‌జీ అనే ఫాంటు ఒకవైపు, యూనికోడ్ ఒకవైపు లాగాక, 2019 అక్టోబరు 1న దేశం అధికారికంగా యూనికోడ్‌కి మారింది. తెలుగు యూనికోడ్‌లో 1991 నుంచే ఉంది. మీ దగ్గర పాత ఫాంట్లలో ఇంకా రాతలు మిగిలి ఉంటే మార్చేసుకోండి, ఆ ఫాంటున్న యంత్రం లేస్తూ ఉండగానే.

ఆ లాప్‌టాప్‌కి చవకగా దొరికిన చిప్పుల డిస్క్ (ఎస్ఎస్‌డీ) ఒకటీ, కొత్త బ్యాటరీ ఒకటీ వేసి విండోస్ ఎక్కిస్తే లేచి నిలబడింది. అది ఒక సాయంత్రం పని.

లేస్తున్నప్పుడే

చివరగా, ఇప్పుడు ఆరోగ్యంగా లేస్తున్న లాప్‌టాప్ ఉన్నవాళ్ళకి, అంటే మీకు, మూడు మాటలు.

నకళ్ళు మూడు ఉండాలి: లాప్‌టాప్‌లో ఒకటి, బయటి డిస్క్‌లో ఒకటి, ఇంకొక ఇంట్లోనో ఇంకొక ఊళ్ళోనో ఒకటి. నెట్టు నమ్మకంగా ఉన్నచోట మూడోది మేఘంలో పెట్టుకోవచ్చు; 2021 తరవాత యాంగోన్‌లో కరెంటుతోబాటు నెట్టు కూడా నమ్మరానిది అయింది కాబట్టి అక్కడ పెన్‌డ్రైవే మేలు. చిప్పుల డిస్క్ వచ్చిందని ధైర్యపడకండి. పళ్ళాల డిస్క్ చాలాసార్లు మూలిగి చస్తుంది, చిప్పులది చెప్పకుండా పోగలదు. ఎప్పుడైనా ఒకసారి ఆ నకలుని తెరిచి చూడండి. తెరవని నకలు ఉన్నట్టు కాదు.

బ్యాటరీ చచ్చిన లాప్‌టాప్‌ని గోడకరెంటు మీద ఏళ్ళ తరబడి నడపకండి. కొత్త బ్యాటరీ ఖరీదు లోపల ఉన్న ఒక్క కథ ఖరీదు కంటే తక్కువ.

మీరు కాక ఇంకొకరికి కూడా సంకేతపదాలూ ఆ 48 అంకెలూ ఎక్కడ రాసి ఉన్నాయో తెలియాలి. లేవనిది ఎప్పుడూ యంత్రమే అవుతుందన్న హామీ లేదు.

బర్మా తెలుగువాళ్ళ చరిత్ర చదివితే ఒక సంగతి పదేపదే కనిపిస్తుంది. బాంబులప్పుడూ, నడకలోనూ, జాతీయం చేసినప్పుడూ, ఉన్నది ఒక్కచోట మాత్రమే దాచుకున్నవాళ్ళకి కాగితం మిగల్లేదు. పోగా మిగిలినవి ఒకరికంటే ఎక్కువమంది నోట ఉన్న పాటలూ, మాటలూ, యాసా. యంత్రాలు వచ్చినా ఆ లెక్క మారలేదు.